బీదరును తన ఊరు చేసుకున్న పరదేశి: ఖ్వాజా మహమూద్ గవాన్

ప్రతి యేటా ఉగాదికి మన ఇళ్ళకు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలనుండి బంధువులు వస్తూ ఉంటారు. ఉగాది పచ్చడి, భక్ష్యాలు, పంచాంగ శ్రవణం అయిన మరునాడు వారికి బీదరు చూపించడం మన ఆనవాయితీ. ఝరణీ నరసింహస్వామిని సేవిస్తారు. నానక్ ఝీరాలో తీర్థం పుచ్చుకుంటారు. ఎర్రని జంబిట్టె రాతితో కట్టిన కోట బురుజులను చూచి ముక్కుమీద వేలు వేసుకుంటారు. అయితే చౌబారా గోపురంనుండి కోటకు పోయే దారిలో ఒకచోట అందరి కాళ్ళూ వాటంతట అవే ఆగిపోతవి. అక్కడ సగం కూలిన మూడంతస్తుల కట్టడం ఒకటి ఉన్నది. దాని అంచున ఒకే ఒక మీనారు ఆకాశంలోకి నిలిచి ఉన్నది. రంగు పెంకులు కొన్నిచోట్ల రాలిపోయినవి. మిగిలినచోట్ల ఇప్పటికీ ఎండలో తళతళ మెరుస్తున్నవి.

ఇది ఏ రాజు కట్టించినాడని పిల్లలు అడుగుతారు. కట్టించినవాడు రాజు కాడు. మన వలెనే పుట్టిన ఊరు విడిచి వచ్చిన ఒక వర్తకుడు. అతని పేరు ఖ్వాజా మహమూద్ గవాన్. పొట్టచేత పట్టుకొని పరాయిచోటికి వచ్చినవాడు ఆ చోటికి ఏమి ఇవ్వగలడు, ఆ చోట అతనికి ఏమి ముప్పు పొంచి ఉంటుంది అన్న రెండు ప్రశ్నలకూ అతని జీవితంలో సమాధానం ఉన్నది. అందుచేత ఈ ఉగాది సంచికలో అతని కథ చెప్పదలచినాము.

గీలాన్ నుండి బీదరుకు

పారసీక దేశానికి ఉత్తరాన, కాస్పియన్ సముద్రపు ఒడ్డున గీలాన్ అనే సీమ ఉన్నది. ఆ సీమలో గవాన్ అనే ఊళ్ళో 1411లో మహమూద్ జన్మించినాడు. ఊరి పేరే తరువాత అతని పేరులో భాగమైపోయినది. అతని పూర్వులు అక్కడి సంస్థానంలో మంత్రులుగా ఉన్నవారే. కాని కొలువులో పగలు పెరిగి, ఆ కుటుంబానికి స్వదేశంలో నిలువ నీడ లేకుండా పోయినది. మహమూద్ కొలువు మీద ఆశ వదలుకొని వ్యాపారం పట్టినాడు. దేశాలు తిరిగినాడు. పోయిన ప్రతిచోటా సరకు అమ్మడమే కాక అక్కడి పండితుల దర్శనం చేసుకొని, వారివద్ద విద్య నేర్చుకునేవాడు.

1453లో, నలభై దాటిన వయసులో, అతడు కొంకణ తీరంలోని దాభోల్ రేవులో ఓడ దిగినాడు. వెంట తెచ్చినది గుర్రాలు మొదలైన సరకు. ఆనాడు దక్కనులో మేలుజాతి గుర్రం అంటే బంగారంతో సమానం. బీదరులో సరకు అమ్ముకొని, ఇక్కడ ఉన్న సూఫీ గురువు షా ముహిబ్బుల్లాను దర్శించి, ఆ పైన ఢిల్లీకి పోవలెనని అతని ఉద్దేశం. ఆ ప్రయాణం సాగలేదు. బహమనీ సుల్తాను అల్లాఉద్దీన్ అహమ్మద్ షా ఇతని మాటతీరు, విద్య, లోకానుభవం చూచి ఇక్కడే ఉండిపొమ్మని కోరినాడు. నాలుగు నాళ్ళు ఉండి పోదామని వచ్చినవాడు ఇరవై ఎనిమిది సంవత్సరాలు ఉండిపోయినాడు. మనలో ఎందరి కథ ఇట్లా మొదలు కాలేదు!

బీదరు అప్పటికి కొత్త రాజధాని. బహమనీలు మొదట గుల్బర్గానుండి ఏలినారు. అల్లాఉద్దీన్ తండ్రి అహమ్మద్ షా వలీ రాజధానిని ఈ ఎత్తయిన పీఠభూమి మీదికి మార్చినాడు. ఆనాటినుండి పారసీక దేశపు శిల్పులు, లేఖకులు, వైద్యులు, సైనికులు ఇక్కడికి వలస రాసాగినారు. పీఠభూమి అడుగున సొరంగాలు తొలిచి ఊటనీటిని ఊరికి అందించే కరేజ్ పద్ధతి పారసీక దేశపు విద్యయే. దాని బావులు నౌబాదు ప్రాంతంలో ఇప్పటికీ చూడవచ్చును.

కొలువులో మెట్లు

సుల్తాను అతనికి అప్పగించిన మొదటి పెద్ద పని మన తెలుగు గడ్డమీదనే పడినది. నల్లగొండలో సుల్తాను బావమరది జలాల్ ఖాన్, అతని కొడుకు సికందర్ తిరుగుబాటు చేసినారు. వారిని అణచడానికి పోయినవారిలో గవాన్ ఉన్నాడు. కత్తితో పాటు మాటను కూడా వాడినాడు. తిరుగుబాటు క్షమాపణతో ముగిసినది.

తరువాత వచ్చిన హుమాయూన్ షా గవాన్‌ను మంత్రిగా నియమించి, వర్తకులకు రాజు అని అర్థం వచ్చే మలిక్ ఉత్ తుజ్జార్ బిరుదు ఇచ్చినాడు. హుమాయూన్ 1461లో చనిపోయే నాటికి అతని కొడుకు నిజాం షా ఎనిమిదేళ్ళ పసివాడు. రాజమాత నర్గీస్ బేగం, ఖ్వాజా జహాన్ తుర్క్, మహమూద్ గవాన్ ముగ్గురూ కలిసి రాజ్యభారం మోసినారు. పసివాడు గద్దెమీద ఉన్నాడని తెలిసి మాళవ సుల్తాను దండెత్తి వచ్చినాడు. బీదరు పట్టణం శత్రువుల చేతికి చిక్కినది. రాజకుటుంబం ఫిరోజాబాదుకు తరలిపోయినది. ఆ కష్టకాలంలో గవాన్ గుజరాతు సుల్తాను సాయం సంపాదించి, శత్రువును వెనుకకు మళ్ళించినాడు. కొత్తగా వచ్చినవాడు ఊరిని కాపాడినాడు.

1463లో నిజాం షా చనిపోగా, అతని తమ్ముడు మూడవ మహమ్మద్ షా తొమ్మిదేళ్ళ వయసులో గద్దె ఎక్కినాడు. 1466 నాటికి గవాన్ రాజ్యానికి ప్రధానమంత్రి అయినాడు. తరువాత పదిహేనేళ్ళు బహమనీ రాజ్యం అతని చేతిమీదుగా నడిచినది.

ఆ పదిహేనేళ్ళలో రాజ్యం పడమటి సముద్రంనుండి తూర్పు సముద్రం దాకా వ్యాపించినది. కొంకణ దుర్గాలను, విజయనగరం చేతిలో ఉన్న గోవా రేవును 1472లో గవాన్ స్వయంగా సాధించినాడు. మరుసటి యేడు బెల్గాం వశమైనది. గుర్రాల వర్తకునికి రేవు విలువ తెలియదా! గుర్రాలు దిగే రేవు ఎవరి చేతిలో ఉంటే వారి చేతిలోనే దక్కను సైన్యాల బలం ఉంటుందని అతడు గ్రహించినాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలెను. ఈ యుద్ధాలలో తెలుగు దేశం చాలా బాధపడినది. రాజమహేంద్రవరం, కొండవీడు గజపతులకూ బహమనీలకూ మధ్య చేతులు మారుతూ నలిగిపోయినవి. 1480-81లో సుల్తాను కొండవీటి దేవాలయాన్ని పడగొట్టించి, అక్కడి బ్రాహ్మణులను చంపించినాడని ఫెరిష్తా చరిత్రలోనే ఉన్నది. గవాన్ ఆ రాజ్యానికి ప్రధానమంత్రి. అతని గొప్పతనం చెప్పేటప్పుడు ఈ సంగతి మరచిపోవడం న్యాయం కాదు. అతనిని దేవుని చేయడం మా ఉద్దేశం కాదు.

చేసిన సంస్కరణలు, పుట్టిన పగలు

బహమనీ రాజ్యం అప్పటికి నాలుగు పెద్ద సుబాలుగా ఉండేది. ఒక్కొక్క సుబేదారు ఒక చిన్న రాజు. తన సుబాలోని కోటలన్నీ అతనివే. గవాన్ ఈ నాలుగింటిని ఎనిమిది చేసినాడు. మన తెలంగాణ సుబా వరంగల్లు, రాజమహేంద్రవరం అని రెండుగా విడిపోయినది. ఒక్కొక్క సుబేదారుకు ఒకే కోట మిగిల్చి, మిగిలిన కోటల నాయకులను నేరుగా రాజధానికి జవాబుదారులను చేసినాడు. ప్రతి సుబాలోనూ కొంత భూమిని సుల్తాను ఖజానాకు ప్రత్యేకించినాడు. పొలాలు కొలిపించి, శిస్తు లెక్కలు స్థిరపరచినాడు.

రాజ్యానికి ఇవి మేలు చేసే పనులే. అధికారం తగ్గినవారికి మాత్రం ఇవి కంటిలో నలుసైనవి. అందులోనూ కొలువు అప్పటికే రెండు ముఠాలుగా చీలి ఉన్నది. తరతరాలుగా ఇక్కడ పాతుకొన్నవారు దక్కనీలు. పారసీక, తురుష్క, అరబ్బు దేశాలనుండి ఓడలలో వచ్చినవారు ఆఫాకీలు, అంటే పరదేశులు. ముందు వచ్చినవారికి వెనుక వచ్చినవారంటే కంటగింపు. వెనుక వచ్చినవారికి ముందున్నవారంటే చులకన. విచిత్రమేమంటే, ఆ ముందున్నవారి పూర్వులు కూడా చాలామంది ఒకప్పుడు ఎక్కడినుండో వచ్చినవారే.

గవాన్ ఆఫాకీ. అయినా తనవారికే పదవులు కట్టబెట్టలేదు. సుబాలను, పదవులను రెండు వర్గాలకూ సరితూగేటట్టు పంచినాడు. దక్కనీల నాయకుడు నిజాం ఉల్ ముల్క్ హసన్ బహ్రీని కూడా పెద్ద పదవిలోనే ఉంచినాడు. కాని తెలంగాణ సుబా రెండుగా చీలినప్పుడు హసన్ అధికారం సగమైనది. ఆ పుండు మానలేదు.

పెద్ద మదరసా

ఇన్ని యుద్ధాల మధ్య, ఇన్ని పగల మధ్య, గవాన్ మనసు మొదటినుండి ఉన్న చోటనే ఉన్నది. అది విద్య. 1472లో, గోవా గెలిచిన సంవత్సరంలోనే, బీదరు నడిబొడ్డున మదరసా కట్టడం పూర్తి చేసినాడు. పొడవు 205 అడుగులు, వెడల్పు 180 అడుగులు, మూడంతస్తులు. ముందరి రెండు మూలలలో రెండు మీనారులు ఉండేవి. ఇప్పుడు మిగిలిన ఒక్కటి సుమారు 130 అడుగుల ఎత్తు. ఖురాసాన్ సీమలోని విద్యాలయాల పోలికలో, నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ విద్యార్థుల గదులు, గురువుల నివాసాలు, ఉపన్యాస మందిరాలు, మసీదు, పుస్తక భాండారం అమర్చినారు. ఆ భాండారంలో మూడు వేల గ్రంథాలు ఉండేవని ప్రసిద్ధి. అచ్చుయంత్రం ఈ దేశానికి రాని ఆ కాలంలో ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్క లేఖకుని చేతివ్రాత అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది.

గోడల ముందుభాగమంతా నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల పెంకులతో పొదిగినారు. మీనారు చుట్టూ వంకీలు వంకీలుగా పోయిన ఆ రంగుల వరుస ఆనవాలు నేటికీ కనిపిస్తుంది. విద్యార్థులకు చదువు, బస, భోజనం ఉచితం. పారసీక దేశంలోని మహాకవి జామీ వంటివారితో గవాన్ ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపినాడు. జామీని ఇక్కడికి రమ్మని ఆహ్వానించినాడు కూడా. ఆయన రాలేదుగాని, ఈ మారుమూల దక్కను పట్టణం పేరు అంత దూరాన పండితుల నోళ్ళలో నానినది. గవాన్ స్వయంగా రచయిత. అతని లేఖల సంపుటి రియాజ్ ఉల్ ఇన్షా, లేఖారచన మీద వ్రాసిన మనాజిర్ ఉల్ ఇన్షా పారసీక వచనంలో పేరు పొందిన గ్రంథాలు.

ఆ రోజులలోనే రష్యా దేశంలోని త్వేర్ పట్టణంనుండి అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు బీదరుకు వచ్చినాడు. అతడు కూడా ఒక గుర్రాన్ని వెంట తెచ్చి ఇక్కడ అమ్ముకున్నవాడే. కొలువు వైభవాన్ని, కాపలా ద్వారాలను, గవాన్ సైన్యాన్ని, పల్లెప్రజల పేదరికాన్ని కూడా చూచి తన ప్రయాణ గ్రంథంలో వ్రాసుకున్నాడు. అట్లా ఒక పరదేశి ప్రధానిగా ఉన్న ఊరిని మరొక పరదేశి వర్ణించగా, ఆ వర్ణన ఐరోపావారు మన దక్కనును గురించి వ్రాసిన తొలి గ్రంథాలలో ఒకటైనది.

ఇంత అధికారం ఉన్నవాని ఇల్లు ఎట్లా ఉండేది? ఫెరిష్తా చెప్పినదాని ప్రకారం గవాన్ మట్టిపాత్రలలో వండించుకొని తినేవాడు. చాపమీద పడుకునేవాడు. తన తిండికి, బట్టకు రాజ్యపు సొమ్ము ముట్టేవాడు కాడు. స్వదేశంనుండి తెచ్చుకున్న మూలధనాన్ని వ్యాపారంలో తిప్పుతూ, ఆ లాభంలోనుండే ఇల్లు గడుపుకునేవాడు. జాగీరు రాబడిలో సైన్యపు ఖర్చులు పోగా మిగిలినది దానధర్మాలకు పోయేది. శుక్రవారం రాత్రులలో మారువేషంతో పేటలు తిరిగి పేదలకు సాయం చేసేవాడని కూడా చెప్తారు.

కొండపల్లిలో ఏప్రిల్ 5

కొండపల్లి అనగానే మన ఇళ్ళలో పిల్లలకు పొణికి కర్ర బొమ్మలు గుర్తుకు వస్తవి. బొమ్మల కొలువులో ఏనుగు అంబారీ, తాడిచెట్టు, దశావతారాలు గుర్తుకు వస్తవి. ఆ కొండపల్లిలోనే, ఉగాది వచ్చే ఈ వసంత ఋతువులోనే, 1481 ఏప్రిల్ 5న గవాన్ కథ ముగిసినది.

సుల్తాను కొండవీటి తిరుగుబాటును అణచి, కంచి దాకా పోయి దోచుకొని, తిరిగి వచ్చి కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. గవాన్‌ను కన్నతండ్రివలె చూచే యూసుఫ్ ఆదిల్ ఖాన్ వేరొక దండయాత్రలో దూరాన ఉన్నాడు. అదే అదను అనుకున్నారు పగవారు. గవాన్ ముద్రలు భద్రపరచే సేవకునికి లంచమిచ్చి, ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం మీద గవాన్ వ్రాసినట్లుగా పురుషోత్తమ గజపతికి ఒక లేఖ కల్పించినారు. సుల్తాను త్రాగుబోతు, క్రూరుడు అయిపోయినాడని, గజపతి దండెత్తి వస్తే రాజ్యం ఇద్దరమూ పంచుకోవచ్చునని ఆ లేఖ సారాంశం. సుల్తాను మత్తులో ఉన్న సమయం చూచి దానిని అతని చేతిలో పెట్టినారు.

పరాయి చోటికి పోయినవాని మీద లోకం వేసే మొదటి నింద తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినాడని. ముప్పై ఏళ్ళు సేవ చేసినా ఆ నింద చెల్లుబాటవుతుందని ఆ ముఠాకు తెలుసు. అందుకే ఆ నిందనే ఎన్నుకున్నారు.

సుల్తాను కబురు పంపినాడు. వెళ్ళవద్దని, గుర్రాలు సిద్ధంగా ఉన్నవని, గుజరాతుకు తప్పించుకొని పొమ్మని మిత్రులు బతిమాలినారు. గవాన్ ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళ వయసులో, తప్పు చేయనివాడు పారిపోవడమేమిటని విడిదికి పోయినాడు. లేఖ చూపించినారు. ముద్ర తనదేగాని వ్రాత తనది కాదని చెప్పినాడు. విచారణ లేదు, సాక్షి లేడు. సుల్తాను లేచి లోపలికి పోతూ ఆజ్ఞ ఇచ్చినాడు. జౌహర్ అనే హబ్షీ బానిస కత్తి దూసినాడు. వృద్ధుడు ప్రార్థన చేస్తూ తల వంచినాడు.

తరువాత గవాన్ ధనరాసులు స్వాధీనం చేసుకోవడానికి ఖజానా అధికారిని పిలిపించినారు. పెట్టెలలో కొద్దిపాటి పైకమే బయటపడినది. మిగిలినది ఎప్పుడో పేదలకు, పండితులకు చేరిపోయినది. మోసం తెలుసుకున్న సుల్తాను చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్టు విలపించినాడు. శవాన్ని గౌరవంతో బీదరుకు పంపినాడు. ఏడాది తిరగకుండానే, 1482 మార్చిలో, మితిమీరిన త్రాగుడుతో తానూ చనిపోయినాడు. గవాన్ తనను చంపుతున్నాడని చివరి ఘడియలలో పలవరించినట్లు చెప్తారు.

ఆ రాజ్యం మళ్ళీ కోలుకోలేదు. కుట్ర పన్నిన హసన్ బహ్రీ కొన్ని సంవత్సరాలకే తానూ హత్యకు గురి అయినాడు. సుబేదారులు ఎవరికివారే స్వతంత్రులైనారు. బిజాపురం, అహమ్మదునగరం, బేరారు, గోలకొండ, బీదరు అని ఒక రాజ్యం అయిదు ముక్కలైనది. ఎవరు స్థానికుడు, ఎవరు పరదేశి అని కొట్టుకున్నవారికి చివరకు కొట్టుకోవడానికి రాజ్యమే మిగలలేదు.

మిగిలినది

మదరసా మాత్రం రెండు వందల ఏళ్ళకు పైగా నిలిచినది. మొగలాయీల కాలంలో అందులో మందుగుండు నిలువ చేసినారు. 1696లో అది పేలి ముందుభాగం, ఒక మీనారు, కట్టడంలో చాలా భాగం కూలిపోయినవి. చదువుకు కట్టిన ఇంట్లో తుపాకిమందు పెడితే ఏమవుతుందో ఆ శిథిలం చూస్తే తెలుస్తుంది. నేడది కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది.

ఈసారి బంధువులు వచ్చినప్పుడు మదరసా గుమ్మం ముందు ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. పిల్లలకు ఈ కథ చెప్పండి. అష్టూరులో అహమ్మద్ షా వలీ సమాధికి కూడా తీసుకొనిపోండి. అక్కడి జాతరలో హిందువులు, ముస్లిములు కలిసి పాల్గొనడం చూడదగినది. ఆ పైన ఊరికి దక్షిణాన గోర్నళ్ళి వైపు పోతే గవాన్ సమాధి ఉన్నది. అష్టూరు సుల్తానుల గుమ్మటాల ముందు అది ఎంత నిరాడంబరమో చూస్తేగాని తెలియదు.

మనం బీదరుకు ఉద్యోగానికో వ్యాపారానికో వచ్చినవాళ్ళం. 1956కు ముందు ఇది హైదరాబాదు రాష్ట్రంలోనిదే కాబట్టి మనలో కొందరి తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు రాష్ట్రం హద్దు కూడా దాటలేదు. అయినా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో ఉర్దూ మాట్లాడుకుంటూ బ్రతుకుతున్న మనకు ఎప్పుడో ఒకప్పుడు మీరు ఎక్కడివారనే ప్రశ్న ఎదురవుతుంది. మన సంఘంలో కూడా ముందు వచ్చినవారమని, వెనుక వచ్చినవారని, ఆ జిల్లావారని, ఈ జిల్లావారని చిన్న చిన్న గీతలు పడుతూ ఉంటవి. ఆ గీతలు ఎంత దూరం పోతవో కొండపల్లి చెప్పుతుంది. ఎక్కడివారమనే ప్రశ్నకు ఇవ్వదగిన సమాధానం ఏమిటో మదరసా చెప్పుతుంది. గవాన్ ఎక్కడ పుట్టినాడో బీదరులో చాలామందికి తెలియదు. అతడు బీదరుకు ఏమి ఇచ్చినాడో ఆ దారిన పోయే ప్రతివారికీ కనిపిస్తూనే ఉన్నది.

మన పిల్లలు ఇక్కడి బడులలో కన్నడం చక్కగా నేర్చుకోవలెను. ఇంట్లో తెలుగు మరువకూడదు. మనకు చేతనైనంతలో ఈ ఊరికి ఒక పుస్తకాల బీరువా, ఒక పేద విద్యార్థికి జీతం, ఒక పాఠశాలకు ఒక గది ఇవ్వగలిగితే, వచ్చిన చోటికి మన ఋణం కొంత తీరినట్లే.

నూతన సంవత్సరంలో అందరి ఇళ్ళలో ఆరోగ్యం, చదువు, ఐకమత్యం వర్ధిల్లవలెనని కోరుకుంటున్నాము.